మంచుమీద జారే చెక్క

పిల్లలూ, తాటిమట్ట మీద కూర్చుని ఇసుకదిబ్బ మీదినుంచి కిందికి జారటం ఎంత సరదాగా ఉంటుందో మీలో కొందరికి తెలిసే ఉంటుంది. మంచు బాగా పడే దేశాలలో పిల్లలు చలికాలం వచ్చిందంటే కొండవాలుల మీద ఇలాగే జారుతారు. అయితే అందరూ కూర్చునే జారరు. కొందరు ఒక పొడుగాటి చెక్కకు రెండు కాళ్ళూ బిగించుకుని, దానిమీద పక్కవాటుగా నిలబడి జారుతారు. ఈ చెక్కనే స్నోబోర్డు అంటారు.

ఇలా జారటానికి చాలినంత మంచు మన తెలుగునాట ఎక్కడా పడదు. అయినా ఈ ఆట మనకు బొత్తిగా పరాయిది కాదు. కాశ్మీరులోని గుల్‌మార్గ్‌లోనూ, ఉత్తరాఖండ్‌లోని ఔలీలోనూ, హిమాచల్ ప్రదేశ్‌లో మనాలీకి దగ్గరనున్న సోలంగ్ లోయలోనూ మన దేశపు పిల్లలు ఈ ఆట నేర్చుకుంటున్నారు. అమెరికాలోనూ, కెనడాలోనూ కాపురముంటున్న తెలుగు కుటుంబాల పిల్లలు కూడా చలికాలం రాగానే, "నాన్నా, నాకూ ఒక బోర్డు కొనిపెట్టవూ?" అంటారు. తీరా దుకాణానికి వెళితే అక్కడ ఎన్నో రకాల బోర్డులు, వాటిమీద రంగురంగుల బొమ్మలు! కొన్నిటి ఖరీదు వింటేనే కళ్ళు తిరుగుతాయి. ఏది కొనాలి?

ఎక్కువ డబ్బు పోస్తే మంచి బోర్డు వస్తుందనుకోవటం పొరపాటు. ఏదైతేనేం, అన్నిటికన్న చవకది చాలుననుకోవటం కూడా పొరపాటే. నేర్చుకునేవాడి ఒంటి బరువుకూ, పాదానికీ, వాడికి వచ్చిన విద్యకూ సరిపోయేదే వాడికి మంచి బోర్డు. చిత్రమేమిటంటే, అలా సరిపోయే బోర్డు చాలాసార్లు తక్కువ ఖరీదుకే దొరుకుతుంది. అది ఎలాగో చూదాం.

బోర్డు పుట్టిన కథ

1965వ సంవత్సరంలో క్రిస్మస్ పండుగనాడు, అమెరికాలో మిచిగన్ రాష్ట్రంలోని మస్కీగన్ అనే ఊళ్ళో, షెర్మన్ పాపెన్ అనే ఆయన తన కూతుళ్ళు ఆడుకోవటానికని రెండు స్కీలను పక్కపక్కన చేర్చి బిగించాడు. స్కీలంటే కాలికొకటి చొప్పున తగిలించుకుని మంచుమీద జారే సన్నని బద్దలు. ఆ జోడుబద్ద మీద నిలబడి జారటం ఆడపిల్లలకు ఎంతో నచ్చింది. ఇరుగుపొరుగు పిల్లలు కూడా తమకొకటి కావాలన్నారు. దానికి "స్నర్ఫర్" అని పేరు పెట్టారు. ఇంగ్లీషులో మంచుకున్న పేరునూ, సముద్రపు అలలమీద జారే ఆట పేరునూ కలిపితే ఆ మాట వచ్చింది. తరవాత బ్రన్స్‌విక్ అనే కంపెనీ స్నర్ఫర్లను తయారుచేసి అమ్మింది. వాటికి పాదాలను పట్టి ఉంచే కట్లు లేవు. పట్టుకోవటానికి ముక్కు దగ్గర ఒక తాడు మాత్రం ఉండేది.

1977లో జేక్ బర్టన్ కార్పెంటర్ అనే యువకుడు వెర్మాంట్ రాష్ట్రంలో ఇటువంటి బోర్డులు తయారుచెయ్యటం మొదలుపెట్టాడు. ఆయనా, ఆయనవంటి మరికొందరూ బోర్డుకు పాదాల కట్లు అమర్చారు. రానురాను అంచులకు ఉక్కు పట్టీలు కూడా వచ్చాయి. మొదట్లో స్కీ ఆడే కొండలమీద చాలాచోట్ల వీరిని రానివ్వలేదు. కాని 1998లో జపానులోని నగానోలో జరిగిన శీతాకాలపు ఒలింపిక్ క్రీడలలో స్నోబోర్డుకు స్థానం దొరికింది. 2018లో దక్షిణ కొరియాలో జరిగిన ఒలింపిక్ క్రీడలలో క్లోయీ కిమ్ అనే అమెరికా బాలిక 17 ఏళ్ళ వయసులోనే బంగారు పతకం గెలిచింది. ఆమె నాలుగో ఏట బోర్డు ఎక్కింది.

బోర్డు ఎలా జారుతుంది? ఎలా తిరుగుతుంది?

కొనబోయే ముందు ఈ సంగతి తెలుసుకోవటం అవసరం. తెలిస్తే దుకాణదారు చెప్పే మాటలలో ఏది మనకు పనికివస్తుందో, ఏది రాదో మనకే తోస్తుంది.

మెత్తని మంచులో చెప్పులతో నడిస్తే కాలు దిగబడుతుంది. మీ రెండు అరికాళ్ళ వైశాల్యమూ కలిసి సుమారు 450 చదరపు సెంటీమీటర్లుంటుందనుకోండి. 140 సెంటీమీటర్ల పొడుగూ, 25 సెంటీమీటర్ల వెడల్పూ గల బోర్డు వైశాల్యం, గుండ్రని కొసలు తీసివేసినా, 3,000 చదరపు సెంటీమీటర్లకు పైగా ఉంటుంది. మీ బరువంతా ఆరేడు రెట్లు ఎక్కువ చోటుమీద పరుచుకుంటుంది. అందుచేత దిగబడరు.

ఇక బోర్డును పైనుంచి చూస్తే, దాని నడుము కొంచెం సన్నగా ఉంటుంది. మీరు కాలివేళ్ళ వైపుకో, మడమల వైపుకో ఒరిగితే బోర్డు కూడా ఒరిగి, ఒక పక్క ఉక్కు అంచు మంచులో నాటుకుంటుంది. నడుము సన్నం కావటం వల్ల బోర్డు వంగి, ఆ అంచు వృత్తంలో ఒక ముక్కలాగా అవుతుంది. ఇక బోర్డు ఆ వృత్తం వెంబడే తిరుగుతుంది. వేగం తగ్గించటం, ఆగటం, తిరగటం, అన్నీ ఈ అంచుల వల్లనే.

అంచు అన్నం పెట్టేదీ, కింద పడవేసేదీ కూడా. వాలుకు దిగువనున్న అంచు పొరపాటున మంచులో గుచ్చుకున్నదంటే, బోర్డు ఠక్కున ఆగిపోతుంది, మనిషి మాత్రం ఆగడు! బోర్లానో, వెల్లకిలానో దబ్బున పడతాడు. కొత్తవాళ్ళు తినే పెద్ద దెబ్బలు చాలా భాగం ఇలాగే తగులుతాయి. కనక కొత్తవాడి బోర్డుకు ఉండవలసిన మొదటి గుణం వేగం కాదు, ఓర్పు. వాడు చేసే చిన్న చిన్న తప్పులను అది ఓర్చుకోవాలి.

పొడుగు: ఎత్తు కాదు, బరువు చూడాలి

గడ్డం దాకా వచ్చే బోర్డు సరిపోతుందని కొందరంటారు. అది ఉజ్జాయింపు మాట. బోర్డును వంచేది మన బరువే గాని ఎత్తు కాదు. బక్కపలచని పొడగరికి పొడుగాటి బోర్డు ఇస్తే అది వంగదు, తిరగదు. అందుచేత ప్రతి కంపెనీవారూ తమ బోర్డు ఎంత బరువు గలవారికి పనికివస్తుందో ఒక పట్టిక ఇస్తారు. ముందు దాన్ని చూడాలి.

నేర్చుకునేవారికి సుమారు లెక్క ఇది: 35 కిలోలున్న పిల్లకు 115 నుంచి 125 సెంటీమీటర్లు, 50 కిలోలుంటే 130 నుంచి 138, 60 కిలోలుంటే 140 నుంచి 148, 70 కిలోలుంటే 152 నుంచి 158. రెండు కొలతల మధ్య సందేహం వస్తే కొత్తవాడు పొట్టిదాన్నే తీసుకోవాలి. పొట్టి బోర్డు సులువుగా తిరుగుతుంది.

ఇక్కడ పెద్దలకు ఒక మాట. ఎదిగే పిల్లవాడికి చొక్కా ఒక బెత్తెడు వదులుగా కుట్టించటం మన ఇళ్ళలో అలవాటు. అది మంచి పొదుపే. కాని బోర్డు విషయంలోనూ, బూట్ల విషయంలోనూ ఈ పొదుపు పనికిరాదు. "వచ్చే ఏటికి సరిపోతుందిలే" అని పెద్ద బోర్డు కొంటే, ఈ ఏడు పిల్లవాడు దాన్ని తిప్పలేక పదేపదే పడతాడు. భయం పట్టుకుంటుంది. "ఈ ఆట నావల్ల కాదు" అని బోర్డును మూల పడేస్తాడు. తప్పు పిల్లవాడిది కాదు, బోర్డుది. వచ్చే ఏటికి బోర్డు సరిపోతుంది గాని, ఎక్కేవాడుండడు!

వెడల్పు: పాదాన్ని కొలవండి

బోర్డుమీద పాదాలు అడ్డంగా ఉంటాయి. బోర్డు నడుము మరీ సన్నమైతే బూటు ముందూ వెనకా చాలా బయటికి వస్తుంది. ఒరిగినప్పుడు ఆ బయటికి వచ్చిన భాగం మంచును రాసుకుని బోర్డు జారిపోతుంది. మరీ వెడల్పయితే అంచును నాటటానికి బలం చాలదు. బూటు ముందు ఒక సెంటీమీటరు, వెనక ఒక సెంటీమీటరు బయటికి వస్తే సరిగా ఉన్నట్టు. రెండు దాకా పరవాలేదు. పాదం 29 సెంటీమీటర్లు, అంతకు మించి ఉన్న పెద్దవాళ్ళు వెడల్పు రకం బోర్డు అడిగి తీసుకోవాలి.

వంపు: విల్లూ, దోనే

బోర్డును చదునైన నేలమీద పెట్టి పక్కనుంచి చూడండి. కొన్ని బోర్డులలో నడుము నేలకు తగలకుండా విల్లులాగా పైకి లేచి ఉంటుంది. దీన్ని కేంబర్ అంటారు. మీరు ఎక్కితే ఆ విల్లు చదునై, అంచు పొడుగునా మంచును గట్టిగా పట్టుకుంటుంది. గట్టి మంచుమీద ఇది చాలా మంచిది. కాని అంచు పట్టుకున్నదంటే వదలదు, కొత్తవాణ్ణి పడవేస్తుంది.

మరికొన్ని బోర్డులు దోనెలాగా నడుము కిందికీ, రెండు కొసలు పైకీ ఉంటాయి. దీన్ని రాకర్ అంటారు. ఇది ఇట్టే తిరుగుతుంది, మెత్తని మంచుమీద తేలుతుంది, అంచు సులువుగా గుచ్చుకోదు. కాని నీళ్ళు గడ్డకట్టినట్టుండే గట్టి మంచుమీద పక్కకు జారిపోతుంది. ఈ రెంటికీ మధ్య చదును రకం ఒకటున్నది. విల్లునూ దోనెనూ కలిపి చేసిన మిశ్రమ రకాలు కూడా ఉన్నాయి.

కొత్తవాళ్ళకు చదును రకం గాని, కొసలు కొంచెం ముందుగా లేచిన మిశ్రమ రకం గాని బాగుంటుంది. ఒకటి రెండు చలికాలాలు ఆడి, రెండు అంచులమీదా తడబడకుండా తిరగగలిగేవాళ్ళు, పాదాల కింద విల్లు వంపు ఉన్న మిశ్రమ రకం తీసుకోవచ్చు.

మెత్తనా, బిరుసా?

లేత వెదురు బద్దను చేత్తో వంచవచ్చు. ముదురు వెదురు వంగదు. బోర్డులూ అంతే. చాలా కంపెనీలవారు 1 నుంచి 10 దాకా అంకె వేస్తారు. 1 అంటే బాగా మెత్తన, 10 అంటే బాగా బిరుసు. పందేలలో మహావేగంతో దిగేవారికి బిరుసు బోర్డు కావాలి. ఆ వేగంలో మెత్తని బోర్డు వణికిపోతుంది. కాని నేర్చుకునేవాడు అంత వేగంతో దిగడు గదా! వాడికి 2 నుంచి 4 లోపు చాలు. కొంచెం విద్య వచ్చినవాడికి 4 నుంచి 6 దాకా బాగుంటుంది. ఒక కంపెనీవారి 4, మరొకరి 4తో సమానం కాకపోవచ్చు. కనక వీలైతే చేత్తో వంచి చూడాలి.

బిరుసు బోర్డులకు ఖరీదైన పదార్థాలు వాడతారు. మెత్తనివాటికి అవి అక్కరలేదు. చవక బోర్డు చాలాసార్లు కొత్తవాడికే ఎక్కువ మేలు చెయ్యటానికి ఇది ఒక కారణం.

అడుగు: జంతికా, సున్నుండా

బోర్డు లోపల సన్నని కొయ్య బద్దలు అతికిన పలక ఉంటుంది. దాని పైనా కిందా గాజునార పొరలుంటాయి. అన్నిటికన్న అడుగున నున్నని ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఈ అడుగుపొరలో రెండు రకాలున్నాయి.

మొదటి రకంలో ప్లాస్టిక్‌ను కరిగించి, మన ఇళ్ళలో జంతికలు వత్తినట్టు, రేకులాగా బయటికి తోస్తారు. ఇది చవక. గీతలు పడితే పూడ్చటం సులువు. మైనం తరుచుగా పెట్టకపోయినా ఒకమాదిరిగా జారుతుంది. రెండో రకంలో ప్లాస్టిక్ పొడిని వేడిచేసి, సున్నుండ కట్టినట్టు, గట్టిగా అదుముతారు. అందులో కంటికి కనపడని సందులుంటాయి. అవి మైనాన్ని పీల్చుకుంటాయి. అందుచేత అది ఎక్కువ వేగంగా జారుతుంది. కాని ఖరీదెక్కువ, తరుచుగా మైనం పెడుతూ ఉండాలి. కొత్తవాడికి మొదటి రకం బాగా సరిపోతుంది. వేగం వాడి అవసరం కాదు గదా.

ఒక్క హెచ్చరిక. బొమ్మల దుకాణాలలో ఉత్త ప్లాస్టిక్ బోర్డులు చాలా చవకగా దొరుకుతాయి. వాటికి ఉక్కు అంచులుండవు. ఇంటిముందు చిన్న దిబ్బమీద ఆడుకోవటానికి అవి సరే గాని, కొండమీద వాటితో ఆగటం కష్టం. వాటిని అక్కడికి తీసుకుపోకూడదు.

ముందు బూట్లు, తరవాతే బోర్డు

ఇప్పుడు అన్నిటికన్న ముఖ్యమైన సంగతి చెబుతాను. డబ్బు కొంచెమే ఉంటే ఏ వస్తువుమీద ముందు ఖర్చుపెట్టాలి? చాలామంది బోర్డుమీదనే అంటారు. దానిమీద బొమ్మలున్నాయి, నలుగురూ చూస్తారు. కాని నిజానికి వరస ఇది: తలకు హెల్మెట్, కాళ్ళకు బూట్లు, ఆ తరవాత పాదాల కట్లు, చివరకు బోర్డు.

మీ మనస్సులో ఉన్నది బోర్డుకు చేరేది బూట్ల ద్వారానే. బూటు వదులైతే, మీరు ఒరిగినా బోర్డు ఒరగదు. బూట్లు ఎప్పుడూ తొడిగి చూసి కొనాలి. ఒక్కటే పలచని మేజోడు వేసుకుని తొడగండి. నిటారుగా నిలబడితే కాలివేళ్ళు బూటు కొసకు కొంచెం తగలాలి. మోకాళ్ళు వంచితే వేళ్ళు వెనక్కు జరగాలి. మడమ పైకి లేవకూడదు. ఒక పావుగంట దుకాణంలో నిలబడి చూడండి. ఎక్కడైనా ఒకే చోట నొప్పి పుడితే అవి మీ బూట్లు కావు. కొత్తవాళ్ళకు మెత్తని బూట్లే హాయి.

బూటును బోర్డుకు పట్టి ఉంచే కట్లను బైండింగులంటారు. వీటిని బోర్డు మధ్యనున్న మరచుట్టు రంధ్రాలకు బిగిస్తారు. ఆ రంధ్రాల అమరిక అన్ని బోర్డులలోనూ ఒకేలా ఉండదు. కనక బోర్డు ఒకచోట, బైండింగులు ఒకచోట కొనేవారు అవి రెండూ కలుస్తాయో లేదో ముందే అడగాలి. మీ బూటు కూడా తీసుకుపోయి అందులో పెట్టి చూడాలి.

హెల్మెట్ మాత్రం పాతది కొనవద్దు. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ లోపల చితికిపోయి, పైకి బాగానే కనపడుతుంది. రెండోసారి అది తలను కాపాడలేదు. మణికట్టు కవచాలు కూడా కొంటే మంచిది. పడబోయేటప్పుడు ఎవరైనా చేతులు చాపుతారు. కొత్తవాళ్ళకు మణికట్టు విరగటం ఈ ఆటలో చాలా మామూలు. చేతులు చాపకుండా, పిడికిళ్ళు బిగించి ముంజేతులమీద పడటం నేర్చుకోవాలి.

ఒక లెక్క చూదాం. అమెరికాలో ఉంటున్న అన్నదమ్ములకు వాళ్ళ నాన్న చెరి 500 డాలర్లు ఇచ్చాడనుకోండి. అన్న 400 పెట్టి, పందెగాళ్ళు వాడే రకం బోర్డు కొన్నాడు. మిగిలిన నూటికీ అరిగిపోయిన బూట్లూ, బైండింగులూ కొన్నాడు. హెల్మెట్‌కు డబ్బు మిగలలేదు. తమ్ముడు 60 పెట్టి హెల్మెట్, 140 పెట్టి కాలికి సరిపోయే బూట్లు, 100 పెట్టి బైండింగులు, 200 పెట్టి కిందటేడు మిగిలిపోయిన మెత్తని బోర్డు కొన్నాడు. ఇద్దరూ ఒకే సొమ్ము ఖర్చుపెట్టారు. చలికాలం చివరికి ఎవరు బాగా జారుతారో మీరే చెప్పగలరు!

ఏ కాలు ముందు?

కొందరు ఎడమకాలు ముందుంచి జారుతారు. వారిని "రెగ్యులర్" అంటారు. మరికొందరు కుడికాలు ముందుంచుతారు. వారిని "గూఫీ" అంటారు. ఇది కుడిచేతి వాటం, ఎడమచేతి వాటం వంటిదే. ఏదీ తప్పు కాదు. మీది ఏ వాటమో తెలుసుకోవటానికి, మేజోళ్ళు వేసుకుని నున్నని గచ్చుమీద రెండడుగులు పరుగెత్తి జారి చూడండి. అప్రయత్నంగా ఏ కాలు ముందు పడుతుందో చాలావరకు అదే మీ ముందుకాలు. దుకాణంలో బైండింగులు బిగించేటప్పుడు ఈ సంగతి చెప్పాలి. మొదట్లో రెండు పాదాలనూ బాతు పాదాలలాగా కొంచెం బయటికి తిప్పి బిగిస్తే నిలకడగా ఉంటుంది. రెండు కొసలూ ఒకేలా ఉండే బోర్డయితే ఏ వాటానికైనా సరిపోతుంది.

కొనాలా, అద్దెకు తీసుకోవాలా?

సెలవులకు నాలుగు రోజులు గుల్‌మార్గ్ వెళ్ళేవారు బోర్డు కొననే అక్కరలేదు. అక్కడ అద్దెకు దొరుకుతాయి. గుల్‌మార్గ్ సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి తీగెదారి బండి అఫర్వట్ కొండమీద 3,900 మీటర్లకు పైగా తీసుకుపోతుంది. కాని కొత్తవాళ్ళు అంత పైకి పోకూడదు. కింది పచ్చిక బయళ్ళమీద పరుచుకున్న మంచే వారికి పాఠశాల. అద్దె సామాను తీసుకునేటప్పుడు కూడా బూట్లు సరిపోయాయో లేదో, కట్ల పళ్ళు అరిగాయో లేదో చూసుకోవాలి. 2020 నుంచి గుల్‌మార్గ్‌లో ఖేలో ఇండియా శీతాకాలపు క్రీడలు జరిగాయి. వాటిలో స్నోబోర్డు కూడా ఒక పోటీ.

మంచుదేశంలో ఉండేవారు మాత్రం లెక్క వేసుకోవాలి. సామానంతా కలిసి రోజుకు 50 డాలర్లు అద్దె, కొంటే 500 అనుకోండి. పది రోజులు ఆడేవారికి రెండూ సమానం. ఏడాదికి రెండు రోజులే ఆడేవారు కొనటం దండగ. ఎదిగే పిల్లలకు మధ్యమార్గం ఒకటున్నది. అమెరికాలోనూ, కెనడాలోనూ చాలా దుకాణాలవారు చలికాలమంతటికీ కలిపి సామాను అద్దెకిస్తారు. వసంతంలో తిరిగి ఇచ్చేసి, మరుసటి ఏడు పెద్ద సైజు తీసుకోవచ్చు.

కొనేవారికి మంచి అదను చలికాలం చివర. కొత్త ఏటి బోర్డులు వస్తాయని దుకాణాలవారు ఉన్నవాటిని బాగా తగ్గించి అమ్ముతారు. తరుచు మారేది బొమ్మ మాత్రమే, బోర్డు అదే. ఇక ఆకురాలే కాలంలో బళ్ళవారూ, క్లబ్బులవారూ పాత సామాను సంతలు పెడతారు. అక్కడ ఒకరికి పొట్టిదైన బోర్డు మరొకరికి సరిపోతుంది.

పాత బోర్డు పరీక్ష

పాతది కొనటంలో చిన్నతనమేమీ లేదు. కాని సంతలో ఎద్దును కొనే రైతు పళ్ళు చూసినట్టు, మనమూ బోర్డును పరీక్షించాలి.

1. ఉక్కు అంచులమీద కన్ను నిలిపి ఈ కొసనుంచి ఆ కొస దాకా చూడండి. పగులుగాని, లోపలికి నొక్కుకుపోవటంగాని ఉంటే వద్దు. పైపైన తుప్పు ఉంటే రుద్ది తియ్యవచ్చు.

2. పక్కలను గోటితో తడమండి. పొరలు విడిపోయి సందు కనపడితే వద్దు. ఆ సందులోకి నీరు దిగి కొయ్యను కుళ్ళబెడుతుంది.

3. అడుగు చూడండి. సన్నని గీతలు ఫరవాలేదు. కొయ్య కనపడేంత లోతు గంటు ఉంటే వద్దు. తెల్లగా ఎండినట్టుంటే మైనం పెడితే బాగుపడుతుంది.

4. మరచుట్టు రంధ్రాలన్నిటిలోనూ మర బిగించి చూడండి. ఒకటి తిరుగుతూనే ఉంటే అక్కడ కట్టు నిలవదు.

5. బైండింగుల పట్టీలను వంచి చూడండి. పాతబడిన ప్లాస్టిక్ చలిలో పెళుక్కుమంటుంది.

6. చివరగా, కొసలు పట్టుకుని మధ్యలో మెల్లిగా అదమండి. చిటపటమన్న చప్పుడు వస్తే లోపల కొయ్య విరిగిందన్నమాట.

ఇలా కొన్న బోర్డును జాగ్రత్తగా చూసుకుంటే చాలా కాలం వస్తుంది. ఆడి రాగానే తడి తుడవాలి, లేకపోతే అంచులు తుప్పు పడతాయి. అప్పుడప్పుడు మైనం కరిగించి అడుగున పూసి, ఆరిన తరవాత గీకాలి. వేసవిలో ఎండ తగలనిచోట దాచాలి.

మరొక్క మాట. బోర్డు కొనగా మిగిలిన డబ్బు ఏమైనా ఉంటే, దానితో ఒకటి రెండు పాఠాలు చెప్పించుకోండి. ఆగటం ఎలాగో, పడటం ఎలాగో, తన ముందు దిగేవారికి దారి ఇవ్వటం తన విధి అనీ గురువు మొదటిరోజే నేర్పుతాడు. ఎంత మంచి బోర్డయినా ఈ మూడూ నేర్పలేదు.

దుకాణంలో మెరిసే బోర్డు చూసి, "ఇది ఎంత గొప్పది?" అని కాకుండా, "ఇది నాకు, ఈ ఏడు, సరిపోతుందా?" అని అడిగే పిల్లవాడు మోసపోడు. వాడి తల్లిదండ్రుల డబ్బూ దండగ కాదు. ఆ ప్రశ్న సైకిలు కొనేటప్పుడు కూడా పనికివస్తుంది. మంచు పడని ఊళ్ళో ఉన్నామే అని మీరు విచారించకండి!